పైన ఒకరు ఉండాలె

నాకు ఓపిక తక్కువ. బస్సు ఆగకముందే మెట్టు మీదికి దిగే రకాన్ని. బడిలో పిల్లలు జవాబు ఆలోచించుకుంటుంటే నేనే చెప్పేస్తాను. అట్లాంటి నన్ను మా అత్తమ్మ గండికోట లోయ ఒడ్డున, ఒక బండ మీద, రెండు గంటలు కదలకుండా నిలబెట్టింది. మొన్నటి ఎండాకాలం సెలవుల్లో మేము చేసిన ఐదు రోజుల కారు ప్రయాణంలో అది చివరి రోజు.

ప్రయాణం ఆలోచన నాదే. అత్తమ్మది గట్టు మండలంలో ఒక పల్లె. రెండెకరాల చెలక, వాన పడితే జొన్న, పడకపోతే వలస. పెళ్లయిన ఏడాది నుంచి ఇరవై ఏళ్లు గుంపు మేస్త్రీ వెంట మట్టి పనికి పోయింది. కర్ణాటకలో, మహారాష్ట్రలో ఎక్కడ కాలువ పని ఉంటే అక్కడికి. మా ఆయన నడక నేర్చింది కూడా కాలువ గట్ల మీదనే. ఇప్పుడాయన నాగర్‌కర్నూల్‌లో మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. నేను అక్కడే సర్కారు బడిలో టీచర్ని. అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది. నేనేమో వనపర్తి టౌనులో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయ్యేదాకా పార పట్టుకున్నది లేదు.

ఒక రోజు పల్లీలు వేయిస్తూ ఊరికే అడిగాను.

"అత్తమ్మా, అన్ని కాలువలు తవ్వినవ్ గదా. వాటిల నీళ్లు పారంగ చూసినవా?"

"యాడ చూస్త బిడ్డా. తవ్వుడు అయిపోంగనే ఇంకో జాగకు తోలుకపోతుండె. నీళ్లొచ్చేటప్పటికి మేము వేరే గుంతల ఉంటుంటిమి."

ఆ మాట చెప్పి పల్లీల పొట్టు ఊదేసి పక్క గిన్నెలో పోసింది. ఆమెకది పెద్ద విషయం కాదు. నాకు మాత్రం మనసులో ముల్లు దిగినట్టయింది. ఇరవై ఏళ్లు నీళ్ల కోసం తవ్విన మనిషి ఆ నీళ్లు చూడలేదా? వారం తిరగకముందే కాగితం మీద దారి గీసేశాను. గట్టు మీదుగా రాయచూరు, యాద్గిర్ దిక్కు ఒక కాలువ, సోలాపూర్ దిక్కు ఇంకో కాలువ. వచ్చేటప్పుడు బళ్లారి, తాడిపత్రి మీదుగా గండికోట చూసుకుని ఇంటికి. గండికోట మా ఆయన కోరిక. అక్కడ పడవలున్నాయని, గుడారాలున్నాయని, తాళ్లు కట్టుకుని బండలు దిగుతారని ఫోన్‌లో చూసి చూసి మురిసిపోయాడు.

బయలుదేరిన రోజు అత్తమ్మ ముందుగా ఖిల్లా ఘణపూర్ పోదామంది. అక్కడ ఆమె జోడీ ఉంటుంది. మట్టి పని జోడీ పని. ఒకరు తవ్వితే ఒకరు తట్ట ఎత్తుతారు. వీళ్లిద్దరూ పదేళ్లకు పైగా ఒక జోడీ, ఒకటే పొయ్యి. మాది రైతు కుటుంబం, ఆమెది ముస్లింల ఇల్లు. గుంపులో ఆ లెక్కలు ఎవరూ చూసుకోలేదట. నేనామెను చిన్నమ్మ అంటాను. మోకాళ్లు అరిగిపోయి ఆమె గడప దాటి ఎక్కువ దూరం పోలేదు. మేము కాలువలు చూడబోతున్నామని చెబితే, పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్‌లో నీళ్లు చెట్టుకు పారబోసి, ఖాళీది అత్తమ్మ చేతిలో పెట్టింది.

"మన కాలువల నీళ్లుంటే దీంట్ల నాకు గిన్ని పట్కరా అక్కా. నోట్లె పోసుకుంట."

ఆ ఖాళీ బాటిల్‌ని అత్తమ్మ ఐదు రోజులూ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. యాద్గిర్ అవతల అడ్రసు అడుక్కుంటూ అడుక్కుంటూ పొద్దెక్కేసరికి మొదటి కాలువ చేరాం. గట్టు ఎక్కి చూస్తే లోపల మేకలు మేస్తున్నాయి. నీళ్ల చుక్క లేదు. కొందరు పనివాళ్లు పూడిక తీస్తున్నారు. అత్తమ్మకు క్యాంపుల్లో అబ్బిన కన్నడం కొంచెం వచ్చు. వాళ్లను అడిగింది. "నీరిల్లమ్మా" అన్నాడొకాయన, నీళ్లు లేవని, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. ఎండాకాలంలో కాలువలు బంద్ చేస్తారట. మరమ్మతులన్నీ అప్పుడేనట. మళ్లీ వానలకు డ్యాం నిండాకే విడుస్తారట.

కాలువ ఉన్న ఊర్లో చిన్న పిల్లను అడిగినా ఈ సంగతి చెబుతుంది. మాకెట్లా తెలుస్తుంది? మేం పెరిగిన రోజుల్లో మా దిక్కు వాన, బోరు తప్ప నీళ్లు ఇంకో దారిలో వస్తాయని మేమెరగం. నా సెలవులు ఎండాకాలంలోనే కాబట్టి కాలువ కూడా ఎండాకాలంలోనే పారుతుందని అనుకున్నాను. పిల్లలకు నదులు, ప్రాజెక్టులు పటం మీద కర్ర పెట్టి చూపించే టీచర్ని నేను. సిగ్గుతో చచ్చిపోయాను. అత్తమ్మ మాత్రం, "పోనీలే, కాలువ అయితే ఉన్నది. కూలిపోలే," అని గట్టును కాలితో ఒకసారి తొక్కి చూసుకుంది.

రెండోది కూడా అంతే. ఒక మూల మడుగులో రెండు బర్రెలు పడుకుని ఉన్నాయి. అక్కడ కాలువ గుట్టను చీల్చుకుంటూ పోతుంది, చాలా లోతు. నేనూ మా ఆయనా అంచు దాకా పోయి చూశాం. అత్తమ్మ కారు దగ్గరే నిలబడిపోయింది. మోకాళ్ల నొప్పేమో అనుకున్నాను. కానీ మోకాళ్ల నొప్పులు ఆమెకు కాదు, ఘణపూర్ చిన్నమ్మకని నాకు అప్పుడు తట్టలేదు.

అక్కడి నుంచి గండికోట చేరేదాకా నేను కారులో సరిగ్గా మాట్లాడలేదు. కోపమంతా నా మీదే అయినా మా ఆయన మీద తీసుకున్నాను. ఏసీ చల్లగా లేదని, పాటలు ఆపమని, రోడ్డు చూసి నడపమని. ఆయన నవ్వుకుంటూ ఊరుకున్నాడు. లోపల ఒకటే పట్టుదల నాకు. గండికోటలో పెన్నా నది ఉంటుంది, ఎండాకాలమైనా అడుగున నీళ్లుంటాయి. కాలువ కాకపోతే పోయె, ఈమెను ఆ నీళ్లలో కాలు పెట్టించకుండా ఇల్లు చేరేది లేదు. లోయ దిగడానికని కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాను.

కోట దగ్గర ఒక గదిలో రాత్రి పడుకుని పొద్దు పొడిచేసరికి ఒడ్డుకు పోయాం. బొమ్మల్లో చూసింది వేరు. కోట గోడ దాటి నాలుగు అడుగులు వేస్తే నేల ఒక్కసారి తెగిపోతుంది. ఎర్ర బండలు, ఒకదాని మీద ఒకటి ఇటుకలు పేర్చినట్టు. చుట్టూ ముళ్లకంప తప్ప పచ్చదనం లేదు. కింద, చాలా కింద, ఆకుపచ్చగా నది. మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అత్తమ్మ అంచుకు పది అడుగుల ఇవతలే ఆగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అవతలి గోడను అటు నుంచి ఇటు దాకా చూసింది. అక్కడక్కడా బండలు విడిగా స్తంభాల్లా నిలబడి ఉన్నాయి.

"కొలతల సారు ఇంక రాలేదా ఏంది, దిమ్మెలు గట్లనే ఉన్నయి," అంది.

నాకు అర్థం కాలేదు. మా ఆయన పగలబడి నవ్వి చెప్పాడు. గుంత తవ్వేటప్పుడు నడుమ నడుమ కొంత మట్టిని తవ్వకుండా దిమ్మెల్లా వదిలేస్తారట. కొలిచే సారు వచ్చి వాటి ఎత్తు చూస్తే ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది. ఆ తర్వాతే దిమ్మెలు తీసేస్తారు.

"దీన్ని నది తవ్వింది అత్తమ్మా, మనుషులు గాదు," అన్నాను.

"ఎన్నేండ్లు పట్టిందో పాపం," అంది.

మా ఆయన దిగే దారి చూసి వస్తానని ముందుకు పోయాడు. నేను బూట్ల తాళ్లు బిగించుకుని, పదా అత్తమ్మా అన్నాను. రానంది. మెల్లగా పోదామన్నాను. రానంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "ఇంత దూరం తోలుకొచ్చి నీళ్లు గూడ సూపియ్యకపోతే నా మొఖం యాడ పెట్టుకోవాలె? నువ్వు ఎవరి మాటైనా ఇంటవా అసలు?" అనేశాను. గొంతు లేచింది. చుట్టుపక్కల వాళ్లు మా దిక్కు చూశారు.

అత్తమ్మ ఒక రాయి మీద కూర్చుని, బాటిల్ ఒళ్లో పెట్టుకుని, నన్ను పక్కన కూర్చోమంది. అప్పుడు చెప్పింది. మేము రెండో కాలువ చూసిన జాగలోనే, గుట్ట చీల్చిన చోట, పక్క గోడ విరిగి ఆమె మీద పడింది. ఛాతీ దాకా మట్టి. ఊపిరి లోపలికి పోకుండా అయిందట. ఇప్పటికీ ఎత్తయిన మట్టి గోడ కింద నిలబడితే గాలి ఆడదట. ఇంత పెద్ద సంగతి ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయనకైనా అమ్మ మీద మట్టి పడిందనే తెలుసు, అంతకు మించి తెలియదు.

"లోతు గుంతల పని చేస్తే పైన ఒకరు నిలబడాలె బిడ్డా. ఒడ్డు నెర్రె ఇచ్చినా, మట్టి రాలినా ఒర్రాలె. ఒర్రితే కింద ఉన్నోళ్లు ఉరుకుతరు. ఆ పొద్దు ఘణపూర్ చెల్లె నిలబడ్డది. చెట్టుకు కట్టిన ఉయ్యాలల మీ ఆయన ఏడుస్తుంటే, సముదాయిద్దమని నాలుగడుగులు పోయింది. గంతల్నే గోడ పడ్డది."

"మరి నిన్ను ఎవరు తీసిండ్రు?"

"ఆమెనే. పార ఎయ్యనియ్యలే ఎవర్నీ, నాకు తాకుతదని. చేతులతోనే తోడింది. గోర్లు ఊడిపోయినయి."

"తర్వాత ఎప్పుడన్న మాట్లాడుకున్నరా దాని గురించి?"

"లేదు. నేను ఏమన్న అంటే ఆమె తప్పు అయితది. ఏమీ అనకపోతే ఆమెనే తప్పు అనుకుంటది. ఎట్ల మాట్లాడుత?"

నేను చేసిన పనికి నాకు ఏడుపొచ్చింది. చేయి పట్టుకుని, పోనీ అత్తమ్మా, నీళ్లు వద్దు, ఏమీ వద్దు, ఇంటికి పోదాం అన్నాను. బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాను. ఆమె నా దిక్కు చూడటం లేదు. మా ఆయన దిగి చూసి వస్తున్న బండల సందు దిక్కు చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి, నడుముకు కొంగు చుట్టుకుని, ఆ సందు దాకా పోయింది. ఒడ్డు మీద వంగి నెర్రెలున్నాయేమోనని కాలితో మట్టి జరిపి చూసింది. గోడ మీద ఎక్కడైనా ఊట తడి ఉందేమోనని చేత్తో తడిమింది. ఒక రాయి తీసుకుని బండను నాలుగు చోట్ల కొట్టి, చెవి పెట్టి విన్నది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఇది మట్టి గాదు, బండ. గట్టిగనే ఉంది," అంది. "నేను దిగుత."

నేను మళ్లీ తాళ్లు బిగించుకోబోయాను.

"నువ్వు గాదు. వాడు నాతో వస్తడు. నువ్వు ఈడ నిలబడు. నా దిక్కు సూడకు, గోడ దిక్కు సూడు. చిన్న రాయి కదిలినా ఒర్రు. నేను కింద నుంచి 'ఉన్నవా' అంటే 'ఉన్న' అను. గంతే."

అట్లా నా కొత్త బూట్లు ఒడ్డు దాటలేదు. పొద్దు అప్పుడే చురుక్కుమంటోంది. వాళ్లిద్దరూ సందులోకి దిగారు. రెండు దిక్కులా గోడలు, నడుమ గదంత పెద్ద బండలు. మా ఆయన ముందు దిగి చెయ్యి అందిస్తుంటే, ఆమె వెనక్కి తిరిగి, కూర్చుని, కాలు జార్చుకుంటూ దిగుతోంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, తల పైకెత్తి అడుగుతోంది.

"ఉన్నవా?"

"ఉన్న."

గోడలకు తగిలి ఆ మాట రెండుసార్లు వినిపించేది. మొదటి పావుగంట నాకు నవ్వొచ్చింది. తర్వాత చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోవాలంటే భయమేసింది. గోడను అట్లా కళ్లార్పకుండా చూస్తుంటే ప్రతి రాయీ కదిలినట్టే ఉంటుంది. ఇరవై ఏళ్లు ఎవరో ఒకరు ఇట్లా పైన నిలబడి చూస్తుంటేనే మా ఇల్లు నిలబడిందని అప్పుడు తెలిసింది. ఒక్కసారి పక్కకు చూడటానికి ఎంతసేపు పడుతుందో కూడా తెలిసింది.

ఎందుకంటే నేను చూశాను. వెనక నుంచి ఒక కొత్త జంట వచ్చి, మేడం ఒక్క ఫోటో అన్నారు. వద్దనాలి. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ అమ్మాయి అప్పటికే ఫోన్ నా చేతిలో పెట్టేసింది, నా తొందర బుద్ధి తొందరగా నొక్కి ఇచ్చేద్దామనుకుంది. తిరిగి ఒకటి తీశాను. అడ్డంగా ఇంకోటి అన్నారు. ఇంకోటి తీశాను. ఫోన్ ఇచ్చి ఇటు తిరిగాను.

అత్తమ్మ సందు నడుమ, రెండు గోడలు బాగా దగ్గరికి వచ్చే చోట, బండకు వీపు ఆనించి బిగుసుకుపోయి నిలబడి ఉంది. మొహం పైకెత్తి ఉంది. నేను లేని ఒడ్డును చూస్తోంది. ఎన్నిసార్లు పిలిచిందో నాకు వినపడలేదు. మా ఆయన కింద నుంచి చేతులు ఊపుతున్నాడు.

"ఉన్న అత్తమ్మా. ఈడనే ఉన్న. ఉన్న," అని గొంతు పగిలేలా ఒర్రాను.

ఆమె వెంటనే కదలలేదు. ఛాతీ ఎగసిపడటం అంత దూరం నుంచి కూడా కనపడింది. ఇప్పుడు పైకి వచ్చేస్తుంది, నా వల్ల వచ్చేస్తుంది అనుకున్నాను. కొంతసేపటికి ఆమె ఒక చెయ్యి ఎత్తి, విన్నానన్నట్టు ఊపి, మళ్లీ కిందికే తిరిగింది. ఆ తర్వాత మలుపుల దగ్గర కూడా పిలిచింది. నేను పలికాను. ఇంకెవరు పిలిచినా తిరగలేదు.

నీళ్లలో ఆమె కాలు పెట్టడం నేను దగ్గర నుంచి చూడలేదు. పై నుంచి చీర రంగు మాత్రం కనపడింది. మోకాళ్ల దాకా దిగింది, మొహం కడుక్కుంది, దోసిలితో తాగింది. పడవ వాళ్లు పిలిస్తే కొడుకును పొమ్మని తను బండ మీద కూర్చుంది. పైకి వచ్చాక చూస్తే బాటిల్ ఖాళీగానే ఉంది.

"ఇది మేము తవ్వింది గాదు గద. చెల్లెకు దొంగ నీళ్లు ఇయ్యను," అంది. నేను పక్కకు తిరిగిన సంగతి ఎత్తలేదు. నా తల మీద తడి కొంగు వేసి, ఎండకు మాడిపోయినవ్ అని మాత్రం అంది. ఆ కొంగు కింద నేను గట్టిగా ఏడ్చాను.

కర్నూలు దాటి మానవపాడు దగ్గర చాయ్ తాగి, పొద్దు వాలే వేళకు ఘణపూర్ చేరాం. కోట గుట్ట నీడ చిన్నమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆమె బాటిల్ తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"నీళ్లు లేవా అక్కా?"

"ఎండకాలం ఇడువరంటనే. మనం తవ్వినం గని మనకే తెల్వకపాయె."

ఇద్దరూ నవ్వుకున్నారు. చాయ్ వచ్చింది. నాలుగు గుటకలు తాగాక అత్తమ్మ మామూలుగానే అంది.

"ఒక లోయల దిగిన చెల్లె. రెండు దిక్కుల గోడలే."

చిన్నమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది. "పైన ఎవరున్నరు?" అని మెల్లగా అడిగింది.

"కోడలు."

అప్పుడు ఆమె పూర్తిగా నా దిక్కు తిరిగింది. ఆ కళ్లను నేను మరిచిపోలేను.

"కన్ను తిప్పలేదు గద బిడ్డా?"

లేదని చెబితే అయిపోయేది. అత్తమ్మ కూడా ఏమీ అనకపోయేది. కానీ ఆ మనిషి ముందు లేదు అనడానికి నాకు నోరు రాలేదు.

"తిప్పిన చిన్నమ్మా," అన్నాను. "ఒక్కసారి. ఎవరో ఫోటో తియ్యుమంటే."

చిన్నమ్మ మొహం తెల్లబోయింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె తల దించుకుంది, తప్పు దొరికింది నాది కాదు, తనదే అన్నట్టు. అత్తమ్మ కప్పు కింద పెట్టింది.

"తిప్పితే తిప్పింది. నేను పైకి రాలేదా?" అంది నా దిక్కు చూస్తూనే. మాట మాత్రం నాకోసం కాదు. "పోరడు గుక్క పట్టి ఏడుస్తుంటే ఎవరైనా పోతరు. నేనున్నా పోతుంటి. పోయినదానివి ఉరికొచ్చినవ్ గద. గోర్లు ఊడంగ తీసినవ్ గద."

చిన్నమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆ ఏడ్చిన పోరడు, నలభై ఏళ్ల మనిషి, కారు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. పోయి చిన్నమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె అట్లాగే, మొహం తీయకుండా, ఆయన తల మీద చెయ్యి వేసింది.

తర్వాత చిన్నమ్మ కళ్లు తుడుచుకుని, బాటిల్ మళ్లీ అత్తమ్మ ఒళ్లో పెట్టింది.

"నీళ్లు ఇడిసినప్పుడు చెప్పు అక్కా. నేను గూడ వస్త. నువ్వు కాలువలకు దిగు, పైన నేనుంట."

"నీ మోకాళ్లతోని ఎట్ల నిలబడ్తవే?"

"కుర్చీ ఎయ్యుండ్రి."

వానలకు డ్యాం నిండగానే నేను బడికి సెలవు చీటీ రాశాను. కారు డిక్కీలో ముందుగా పెట్టింది ఆ కుర్చీనే.